బియ్యం డబ్బా

చివరి ట్రిప్పులో మందస దగ్గర
సీతాఫలాల గంపతో ఎక్కింది సవర ముసలమ్మ.
లగేజీ టికెట్టు కొట్టాను.
అయినా దిగేటప్పుడు నవ్వి
ఏడు కాయలు నా సంచిలో పోసింది.
డబ్బులిస్తే తీసుకోలేదు, "గుంటలకి" అంది.
అన్నీ రాళ్ళే.
ఇంకా ఒక్కదానికీ కళ్ళు విచ్చలేదు.

పలాస డిపోలో లెక్క కట్టి ఇంటికొచ్చేసరికి తొమ్మిది.
దమయంతి పెరట్లో కొబ్బరి పీచుతో
వేళ్ళు తోముకుంటోంది.
పొద్దంతా పిక్కలు కొట్టిన చేతులు,
జీడినూనె మచ్చ ఓ పట్టాన వదలదు.
ఆ వేళ్ళతో గుంటడి బుగ్గ పట్టుకోదు,
మోచేత్తో దగ్గరకి లాక్కుంటుంది.
వాడు ముద్దంటే అదే అనుకుంటున్నాడు.
అంగన్వాడీలో నచ్చిన ప్రతివాళ్ళనీ
మోచేత్తో పొడుస్తున్నాడట,
టీచరమ్మ రెండుసార్లు కబురెట్టింది.

కాయలు బియ్యం డబ్బాలో కప్పెట్టాం.
"ఎన్ని రోజులు నానా?"
"మూడు."
"మూడంటే రేపా?"
"రేపు, దానికి రేపు, దానికీ రేపు."
లోహిత్ గాడికి అన్ని రేపులు నచ్చలేదు.

ఇంక ఇంట్లో డబ్బా మూత చప్పుడే.
పళ్ళు తోముకుంటూ మధ్యలో నురగ నోటితో ఓసారి,
బడి సంచి తగిలించుకుని ఓసారి.
"నొక్కకండర్రా, నల్లబడిపోతాయి" అని వాళ్ళమ్మ.
"నొక్కకపోతే ఎలగ తెలస్తాది?" అని ఢిల్లీశ్వరి.
రెండో తరగతి. దేనికైనా రుజువు కావాలి దానికి.

దసరా సెలవులు అయిపోయాయి.
సముద్రంలో తుపానొకటి
ఇటా, ఒడిశాకా అని ఇంకా తేల్చుకోలేదు.
తెల్లారి బస్సు అద్దం మీద మంచు,
డ్రైవరు పార్వతీశం పేపరు ముక్కతో తుడిచి
"చలొచ్చీసింది బావా" అన్నాడు.
గెడ్డ పొడుగునా రెల్లు తెల్లగా ఊగుతోంది,
వరి పొట్ట మీదుంది.

ఆ సాయంత్రం ట్రంకుపెట్టి దింపాం.
పోయినేటి స్వెట్టరు,
ఆకుపచ్చది, జేబు మీద పసుపు బాతు.
గుంటడి తల పట్టింది గానీ
చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.
బొడ్డు బయటికి చూస్తోంది.
వాడు ఏడ్చాడు.
జీతాలు రానీ, కొత్తది కొందాం అన్నాను.
అన్నానంతే.

మూడో రేపటి రాత్రి
బియ్యం కొలవబోయి దమయంతి కెవ్వుమంది.
"లోపల ఏటో మెత్తగా, బొచ్చుగా!"
నేను చీపురు తిరగేసి పట్టుకున్నాను.
లాగితే
ముందు బాతు ముక్కు బయటికొచ్చింది.

"తీసీసినారేటి!" అని గోల పెట్టాడు లోహిత్,
"ఇంక రెండ్రోజులుంటే పెద్దదైపోయేది!"
తప్పు చేసినవాళ్ళలా నిలబడ్డాం ఇద్దరం.
స్వెట్టరు దులిపితే జలజలా బియ్యం,
వాటితోపాటు
అరంగుళం పెన్సిలు ముక్క.
ఎవరిదని అడగలేదు.
రుజువులు అడిగే పిల్ల
గోడ మీద బల్లిని శ్రద్ధగా చూస్తోంది.

ఐదు కాయలు పండాయి.
ఒకటి నొక్కుళ్ళకి నల్లబడింది.
ఏడోది రాయి రాయిలాగే ఉంది.
కరెంటు పోతే గుమ్మంలో కూర్చుని తిన్నాం.
"నీ చేతులు మంచివి కావు, నోరు తెరు" అని
వాళ్ళమ్మకి గుంటడు తినిపించాడు,
గింజలతో సహా.
ఎవరి గింజలు ఎక్కువని ఢిల్లీశ్వరి లెక్క.
చీకట్లో ఎవరో దొంగ లెక్క చెప్పారు.

పిల్లలు పడుకున్నాక మంచినీళ్ళకి లేచాను.
డబ్బా మూత మీద తడి వేళ్ళ గుర్తులు,
చిన్న వేళ్ళవి కావు.
తీసి చూడలేదు.

మర్నాడు టెక్కలి కాంప్లెక్సులో క్యారేజీ విప్పితే
అన్నంలో ఆకుపచ్చ ఉన్ని పోగు.
పార్వతీశం మెడ సాచి చూశాడు.
"ఏటది బావా?"
పోగుని మూత అంచున జాగ్రత్తగా పెట్టి
"ఇంకా పండలేదు" అన్నాను.